జూదగృహమని రుజువు చేసేదెలా? – ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. లాయరు గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ పాలకొల్లు నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (పాలకొల్లు): ఆయ్, నమస్కారమండి. మా మేడ పైభాగం అద్దెకిచ్చామండి. కొబ్బరికాయల వ్యాపారానికి ఆఫీసన్నారు. మొదట్లో ఇద్దరు ముగ్గురే వచ్చేవారు. ఇప్పుడు ఏడయ్యేసరికి బళ్లు సందు మొదటిదాకా పెడతన్నారండి. మా ఆయనేమో కువైట్‌లో ఉంటారు. పేకముక్కలు చూశాను గానీ ఆడతా ఉండగా చూళ్లేదండి. ఎలా రుజువవుద్దండి?

లాయరు: ఆడుతుండగా చూడక్కర్లేదమ్మా. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ఆరో సెక్షన్ చూడండి. ఐదో సెక్షన్ ప్రకారం సోదా చేసిన చోట పేకముక్కలో పాచికలో దొరికితే, అది జూదగృహమే అనుకుని కోర్టు విచారణ మొదలుపెడుతుంది. కాదని చూపించుకోవలసింది వాళ్లు. సోదా పద్ధతి తప్పితే మాత్రం కోర్టు అలా అనుకునే వెసులుబాటు పోతుంది.

కాలర్: అయితే పైకెళ్లి సెల్లులో వీడియో తీసెయ్యనాండి?

లాయరు: వద్దమ్మా. తలుపు తోసుకుని వెళ్లొద్దు, కిటికీ సందులోంచి తీయొద్దు. మీ ప్రాణం మీదకి వస్తుంది. మీ గుమ్మంలోంచి కనబడిందే నోటుబుక్కులో రాయండి. తేదీ, టైము, బళ్లెన్ని, ఎవరు ఎన్నింటికి ఎక్కారు, ఎన్నింటికి దిగారు, పొద్దున చెత్తలో ఖాళీ పేక పెట్టెలెన్ని. చూసింది ఒక పేజీలో, విన్నది ఇంకో పేజీలో. రెండూ కలిపారా, క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే అవతలి లాయరు ప్రశ్నలు వేసేటప్పుడు, మొత్తం కొట్టుకుపోతుంది.

కాలర్: కానీ ఆడతా ఉండగా నేను చూళ్లేదు కదండీ...

లాయరు: ఇందాకే చెప్పాను కదమ్మా, అక్కర్లేదని! సరే, ఒకటి అడుగుతాను. అద్దె కాకుండా ఇంకేమైనా ఇస్తున్నారా?

కాలర్: కరెంటుకని రోజూ రెండొందలు ఇస్తారండి.

లాయరు: అదే ప్రమాదం. ఈ రోజు నుంచే తీసుకోవడం ఆపేయండి. ఆటవల్ల లాభం ఎవరికి పోతోందన్నదే ఈ కేసుల్లో ఆయువుపట్టు. తెలిసీ ఇల్లు వాడుకోనిచ్చిన యజమాని గేమింగ్ చట్టం మూడో సెక్షన్ కిందకి వస్తారు. తీసుకున్నది దాచకుండా ఫిర్యాదులోనే రాయండి. స్టేషన్లో ఇచ్చి నకలు మీద సంతకం, ముద్ర వేయించుకోండి. ఎస్పీ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో ఇంకో కాపీ పంపండి. అద్దె కాగితంలో ‘ఆఫీసుకి’ అని ఉందా?

కాలర్: ఉందండి.

లాయరు: మంచిది. చెప్పిన పనికి కాక వేరే దానికి వాడటం ఆస్తి బదిలీ చట్టం 108 సెక్షన్‌కి విరుద్ధం. ఖాళీ చేయించే నోటీసు లాయరు చేత విడిగా ఇప్పించండి. భయపడకండమ్మా, ముందుగా రాతలో పెట్టినవాళ్లకి ధైర్యం ఉంటుంది.

యాంకర్: భీమవరం, చెప్పండి.

కాలర్ (భీమవరం): మా క్లబ్బులో రమ్మీకి సర్వీసు ఛార్జీ తీసుకుంటారండి. అది నేరమా?

లాయరు: సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అంది, మామూలు సర్వీసు ఛార్జీ తీసుకోవడం ఒక్కటే నేరం అనడానికి చాలదంది. పందెం ఆటలోంచి క్లబ్బు లాభం చేసుకుంటే మాత్రం నేరం నిలబడుతుందని ఆ తీర్పే చెప్పింది. లెక్కల పుస్తకం తెరిచి చూడండి.

యాంకర్: తర్వాత అమలాపురం.

కాలర్ (అమలాపురం): మా బావని పేకాటలో పోలీసులు పట్టుకున్నారండి. జేబులో డబ్బు కూడా ఆటదేనని రాసేశారు. సోదాకి సాక్షులుగా పెట్టిన మధ్యవర్తులు స్టేషన్లో సంతకం పెట్టారంట.

లాయరు: గట్టి పాయింటు. మధ్యవర్తుల నివేదిక సోదా జరిగిన చోటే, ఇద్దరు స్థానికుల ముందు రాయాలి. చాప మీది డబ్బు వేరు, జేబుల్లోది వేరు. ఎవరి దగ్గర ఎంతో, ఏ నోట్లు ఎన్నో విడివిడిగా ఉండాలి. 2024 జూలై 1 నుంచి సోదాకి, జప్తుకి వీడియో తప్పనిసరి. ఆ వీడియో కోర్టుకి వెళ్లిందో లేదో అడిగించండి. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నాడన్న కాగితం పనికిరాదు.

యాంకర్: చివరిగా నరసాపురం. త్వరగా అండి.

కాలర్ (నరసాపురం): వాట్సాప్‌లో వచ్చిన వీడియో సరిపోద్దాండి?

లాయరు: ఫార్వర్డ్ నమ్ముకోకండి. తీసిన మనిషి, తీసిన ఫోను కావాలి. కాపీ ఇస్తే కొత్త సాక్ష్యాల చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం, 63 సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఫోను ఫార్మాట్ చేయొద్దు. చూసింది వేరు, విన్నది...

యాంకర్: సమయం అయిపోయింది. ధన్యవాదాలు లాయరు గారూ.