ఒక్కటి మారిస్తే ఎన్ని మారాలి? పాత గేమింగ్ పీసీ లెక్క

అందరికీ నమస్కారం.

"పీసీ కొని ఏడేళ్లయింది. అప్‌గ్రేడ్ చేయించాలా, అమ్మేసి కొత్తది కట్టించుకోవాలా?" అని అడిగితే షాపులో ఒక జవాబు వస్తుంది, స్నేహితుడి దగ్గర ఇంకో జవాబు వస్తుంది. ఇద్దరూ ముందు చూసేది ఎన్నేళ్లయిందనే. నా దృష్టిలో వయసుతో పెద్దగా పని లేదు. తెలియాల్సినవి రెండే. గేమ్‌కి అడ్డం పడుతున్న పార్టు ఏది? ఆ ఒక్కటి మారిస్తే దాని వెంట ఇంకెన్ని మారాలి? ఈ రెండో ప్రశ్న దగ్గరే డబ్బు లెక్క తేలుతుంది.

గాల్లో మాట్లాడకుండా రెండు మెషీన్లు తీసుకుందాం. రెండూ 2018, 2019 ప్రాంతంలో మన దగ్గర బాగా కట్టించుకున్న రకాలే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మనం సీటీసీ అంటామే, అక్కడ ఇలాంటివి ఇప్పటికీ సర్వీసుకి వస్తూనే ఉంటాయి. మొదటిది ఇంటెల్ ఐ5-8400 ప్రాసెసర్, బీ360 బోర్డు (అంటే మదర్‌బోర్డు). రెండోది ఏఎమ్‌డీ రైజెన్ 5 2600, బీ450 బోర్డు. మిగతాదంతా రెండింటిలోనూ ఒకటే అనుకుందాం: జీటీఎక్స్ 1060 6జీబీ గ్రాఫిక్స్ కార్డు, 8జీబీ ర్యామ్ ఒకే స్టిక్, 1టీబీ హార్డ్ డిస్క్, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై). కొన్న రోజున రెండింటికీ తేడా పెద్దగా కనిపించలేదు. ఇవాళ మాత్రం వీటి దారులు పూర్తిగా వేరు.

దేనికైనా ముందు మూత తీసి శుభ్రం చేయండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి. గాలికి అవి అడ్డూ అదుపూ లేకుండా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ ఏడేళ్లలో ఎండి పొడిగా మారి ఉంటుంది. పాతది తుడిచేసి కొత్తది మధ్యలో కొద్దిగా పెడితే చాలు, కూలర్ ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. తర్వాత హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి, ప్రాసెసర్ వరుసల్లో థర్మల్ థ్రాట్లింగ్ ఎదురుగా 'యస్' పడుతోందేమో చూడండి. పడుతుంటే వేడికి ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటోందన్నమాట. మే నెలలో గది లోపలే 38 డిగ్రీలు ఉండే ఊళ్లలో "పీసీ పాతబడింది" అనే ఫిర్యాదు చాలాసార్లు ఇక్కడే తీరిపోతుంది.

ఇక కొలత. ఎమ్ఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దానితో వచ్చే రివాట్యూనర్ ఇన్‌స్టాల్ చేసి, స్క్రీన్ మీద వీటిని చూపించమనండి: జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు చిప్) వాడకం, ప్రాసెసర్‌లో ఒక్కో థ్రెడ్ (పని నడిచే ఒక్కో వరుస) వాడకం విడివిడిగా, వీడియో మెమరీ (కార్డు మీదున్న మెమరీ), ర్యామ్, ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కి పట్టే సమయం). ఫ్రేముల వేగానికి కళ్లెం వేసే వీ-సింక్, ఫ్రేమ్ లిమిట్ రెండూ ఆపేయండి. గేమ్‌లో ఎక్కడైతే నత్తనడక నడుస్తోందో అక్కడికే వెళ్లి ఓ పది నిమిషాలు ఆడండి. మెనూలో నిలబడి కొలిస్తే ఏమీ తెలియదు.

జీపీయూ 95 శాతం పైనే నిలకడగా ఉంటే అడ్డం గ్రాఫిక్స్ కార్డుది. 60, 70 మధ్య ఊగుతూ ఫ్రేములు రాకపోతే అనుమానం ప్రాసెసర్ మీదికో ర్యామ్ మీదికో వెళ్లాలి. ఇక్కడ చాలామంది మోసపోయేది ప్రాసెసర్ సగటు దగ్గర. "నా సీపీయూ 55 శాతమే వాడుతోంది, ఖాళీగానే ఉందిగా" అంటారు. గేమ్ ప్రధాన థ్రెడ్ ఒక్కటే 100కి తగిలి, మిగతావి సగం ఖాళీగా ఉన్నా సగటు 55 దగ్గరే ఉంటుంది. అందుకే విడివిడిగా చూడమన్నాను. ఇంకో పరీక్ష కూడా ఉంది, చాలా సులువు. రిజల్యూషన్‌ని 1080 నుంచి 720కి దించండి. ఫ్రేములు బాగా పెరిగితే కార్డే సమస్య. అక్కడే ఉండిపోతే ఎంత పెద్ద కార్డు పెట్టినా అక్కడే ఉంటాయి.

ఈ కొలతలో ముందుగా బయటపడేది తరచుగా ర్యామే. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ఎన్ని స్లాట్లు వాడుతున్నారో కనిపిస్తుంది. ఒకే స్టిక్ ఉంటే ప్రాసెసర్‌కి మెమరీ దారి సగమే తెరిచినట్టు. అలాంటిదే ఇంకో 8జీబీ స్టిక్ వేస్తే 16జీబీ అవుతుంది, డ్యుయల్ ఛానెల్ కూడా వస్తుంది, మధ్యమధ్యలో పట్టేసే కుదుపులు తగ్గుతాయి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. మొదటి రెండింటిలో పక్కపక్కనే గుచ్చేస్తే సింగిల్ ఛానెల్లోనే ఉండిపోతుంది. 3200 వేగం ర్యామ్ కొని బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల ప్రోగ్రామ్) ఎక్స్‌ఎమ్‌పీ (ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయకపోతే అది 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తుంది. బీ360 బోర్డయితే ఎంత వేగం ర్యామ్ వేసినా 2666 దాటదు, కాబట్టి దాని కోసం ఖరీదైన ర్యామ్ కొనకండి. హార్డ్ డిస్క్ గురించి ఎక్కువ చెప్పను. విండోస్, గేములు ఇంకా దాని మీదే ఉంటే ఎస్ఎస్‌డీ వేయాల్సిందే. అది ఎలాగూ కొత్త మెషీన్‌లోకి కూడా వచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు పార్టులు. అడ్డం గ్రాఫిక్స్ కార్డుదని తేలిందనుకోండి. జీటీఎక్స్ 1060 వచ్చింది 2016లో. మంచి కార్డే, కానీ దాని గడువు రెండు వైపుల నుంచి దగ్గరపడింది. ఎన్విడియా ఆ తరం కార్డులకు గేమ్ డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆపేసింది, ఇక వచ్చేవి సెక్యూరిటీ అప్‌డేట్లే. ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్, డూమ్: ది డార్క్ ఏజెస్ లాంటి గేములు రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టే) హార్డ్‌వేర్ లేని కార్డు మీద నడవవు. సెట్టింగులు తగ్గించినా లాభం లేదు.

కొత్త కార్డు వేసేముందు ఎస్ఎంపీఎస్ పక్కనున్న లేబుల్ చదవండి. '450 వాట్లు' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. మీరు చూడాల్సింది 12 వోల్టుల గడిలో ఎన్ని యాంపియర్లు రాశారో. అక్కడ 18 అని ఉంటే 12 ఇంటూ 18, అంటే 216 వాట్లు. కార్డూ ప్రాసెసరూ బతికేది ఆ 216 మీదే, 450 మీద కాదు. పేరున్న 550 వాట్ల బ్రాంజ్ (సామర్థ్యానికి ఇచ్చే రేటింగ్) యూనిట్‌లో ఇదే గడిలో 40 యాంపియర్లకు పైనే ఉంటుంది. బోర్డు స్లాట్ నుంచి 75 వాట్లు, 6 పిన్ కేబుల్ నుంచి 75, 8 పిన్ నుంచి 150. ఈ మూడు అంకెలు గుర్తుంటే ఏ కార్డుకి ఏ కేబుల్ కావాలో మీరే చెప్పగలరు. 6 పిన్‌ని 8 పిన్‌గా మార్చే చవక కన్వర్టర్ల జోలికి వెళ్లకండి, కాలేది కనెక్టరే. మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడొచ్చే) ఎస్ఎంపీఎస్ మారుస్తుంటే పాత కేబుళ్లు పొరపాటున కూడా కొత్తదానికి తగిలించొద్దు. కార్డు వైపు కనెక్టర్ ఒకేలా ఉన్నా ఎస్ఎంపీఎస్ వైపు తీగల వరుస కంపెనీకో రకంగా ఉంటుంది. 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వెళ్లి హార్డ్ డిస్కులన్నీ ఒక్క క్షణంలో పోతాయి.

తర్వాత లేన్ల సంగతి, అంటే కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా నడిచే దారులు. దీన్ని షాపుల్లో ఎవరూ చెప్పరు. మన రెండు బోర్డులూ పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0. అంటే ఒక్కో లేన్‌కి సెకనుకు దాదాపు 1జీబీ. ఆర్‌టీఎక్స్ 4060, 5060, ఆర్‌ఎక్స్ 6600 కార్డులు స్లాట్ నిండుగా కనిపించినా వాడుకునేది 8 లేన్లే. కొత్త బోర్డు మీద అది సరిపోతుంది. పాత బోర్డు మీద ఆ 8జీబీ వీడియో మెమరీ నిండనంతసేపూ ఇబ్బంది లేదు. నిండి పొంగి ర్యామ్‌లోకి పోవడం మొదలైతే ఇరుకు దారిలో కుదుపులు వస్తాయి. 4 లేన్ల ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ 4జీబీ అయితే ఇలాంటి బోర్డులకు అసలు పనికిరాదనే చెబుతాను. 16 లేన్లున్న ఆర్‌టీఎక్స్ 3060 12జీబీ సెకండ్ హ్యాండ్‌లో గానీ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16జీబీ కొత్తది గానీ వీటికి తగిన జోడీ. ఇంటెల్ ఆర్క్ బీ580 ధర చూసి మనసు లాగుతుంది. అది రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకోగలిగే సౌకర్యం) లేకపోతే బాగా వెనకబడుతుంది, పాత ప్రాసెసర్ మీద ఇంకా కుంటుతుంది. ఐ5-8400 పక్కన వద్దు.

సెకండ్ హ్యాండ్ కార్డు నడుస్తుండగా చూసే కొనండి. ముందు జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరవండి, పాత చిప్‌కి కొత్త పేరు అంటించిన నకిలీ అయితే అది పట్టిస్తుంది. తర్వాత కనీసం 20 నిమిషాలు బరువైన గేమో బెంచ్‌మార్కో నడిపించి, తెర మీద రంగు చుక్కలు, గీతలు వస్తున్నాయా, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయా చూడండి.

ఇప్పుడు అడ్డం ప్రాసెసర్‌దని తేలిందనుకుందాం. రెండు మెషీన్ల దారులు విడిపోయేది ఇక్కడే.

బీ450 ఉన్నవాళ్లు అదృష్టవంతులు. 2018 నాటి ఆ బోర్డు మీదే 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూర్చుంటుంది. ఎక్స్3డీ రకం (లోపల క్యాష్ ఎక్కువున్న) 5700, 5800 కూడా కూర్చుంటాయి, కానీ అవి దొరకాలి, మంచి కూలర్ విడిగా కొనాలి. 5600కి బదులు పేరు దగ్గరగా ఉన్న 5500, 5600జీ అంటగట్టబోతే వద్దనండి. వాటిలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 16ఎంబీ, 5600లో 32ఎంబీ. గేముల్లో ఆ తేడా కనిపిస్తుంది.

పని వరుస ముఖ్యం. ముందు బోర్డు మీద ముద్రించిన మోడల్, రివిజన్ నంబర్ చూసుకుని కంపెనీ వెబ్‌సైట్‌లో సీపీయూ సపోర్ట్ జాబితా తీయండి. పాత ప్రాసెసర్ ఉండగానే బయాస్ అప్‌డేట్ చేయాలి. తీసేశాక గుర్తొస్తే తెర నల్లగానే ఉంటుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి, మెషీన్ యూపీఎస్ మీద ఉండాలి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చినట్టే. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ లాక్) ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి, ప్రాసెసర్ మారగానే టీపీఎమ్ (సెక్యూరిటీ కీలు దాచే భాగం) మారిపోయి విండోస్ ఆ కీ అడుగుతుంది.

కూలర్ తీసేటప్పుడు ఇంకో ప్రమాదం. ఈ ప్రాసెసర్లకు పిన్నులు చిప్ కిందే ఉంటాయి. పేస్ట్ గట్టిపడి ఉంటే కూలర్ పైకి లాగగానే, లాక్ వేసి ఉన్నా సరే, చిప్ సాకెట్ నుంచి ఊడి దానితో వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. ముందు పది నిమిషాలు గేమ్ నడిపి వేడెక్కించండి. షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, స్క్రూలు విప్పి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పండి. జారుతున్నట్టు చేతికి తెలిశాకే పైకి ఎత్తండి.

ఐ5-8400 సంగతి వేరు. 6 కోర్లు, 6 థ్రెడ్లు. బీ360 మీద దీనికి పైనున్నవి అదే తరం ఐ7-8700, బయాస్ అప్‌డేట్‌తో 9వ తరం చిప్పులు. అంతకుమించి దారి లేదు. 12 థ్రెడ్ల ఐ7-8700 సెకండ్ హ్యాండ్ చవగ్గా దొరికితే రెండేళ్లు లాగొచ్చు. పాత ఐ7లకు, ఐ9లకు మార్కెట్లో చెప్పే ధరలు మాత్రం ఒక్కోసారి వింతగా ఉంటాయి, ఆ డబ్బుతో కొత్త ఐ5 వచ్చేస్తుంది. కొత్త ప్రాసెసర్ అంటే కొత్త బోర్డు. కొత్త బోర్డు అంటే ఏఎమ్‌డీ కొత్త సాకెట్ ఏఎమ్5 మీదైతే కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. ఒకటి మార్చబోతే మూడు మారాయి. విండోస్ లైసెన్సు బోర్డుకి కట్టిన ఓఈఎమ్ రకమైతే నాలుగు.

అందులోనూ 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఎగరేసుకుపోతున్నాయి. కాబట్టి ఇంట్లో మంచి 16జీబీ డీడీఆర్4 (పాత తరం ర్యామ్) జత ఉన్నవాళ్లకు మధ్యేమార్గం ఒకటి బాగా కలిసొస్తుంది. డీడీఆర్4 తీసుకునే బీ660 బోర్డు, ఐ5-12400ఎఫ్. ర్యామ్ అలాగే వస్తుంది. ఆ సాకెట్‌కి ముందు ముందు కొత్త చిప్పులు రావన్నది నిజమే, అయినా ఇవాళ మిగిలే డబ్బు ఇవాళ మిగులుతుంది. ఏఎమ్5 సాకెట్‌ని 2027 తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎమ్‌డీ చెప్పింది, మధ్యమధ్యలో చిప్ మార్చే అలవాటున్నవాళ్లు అటు వెళ్లొచ్చు.

విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మన రెండు ప్రాసెసర్లూ విండోస్ 11 జాబితాలో ఉన్నాయి. వాటికి ముందు తరం ఐ5-7400, రైజెన్ 5 1600 లేవు. వాలరెంట్ ఆడేవాళ్లకు విండోస్ 11 మీద టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే బూట్ అయ్యే ఏర్పాటు) రెండూ కావాలి. బయాస్‌లో ఆన్ చేస్తే సరిపోతుందనుకుని సీఎస్ఎమ్ (పాత పద్ధతిలో బూట్ చేసే సెట్టింగు) ఆపేస్తే, పాత డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉన్నప్పుడు విండోస్ బూటే కాదు. ముందు విండోస్‌లోనే ఉండే ఎంబీఆర్‌టుజీపీటీ టూల్‌తో డిస్క్‌ని కొత్త జీపీటీ పద్ధతికి మార్చి, ఆ తర్వాత బయాస్ జోలికి వెళ్లండి. డేటా బ్యాకప్ మాత్రం అన్నిటికంటే ముందు.

మరి ఎప్పుడు వదిలేయాలి? నేను పెట్టుకునే గీత ఇది. క్యాబినెట్, ఎస్ఎస్‌డీ, మానిటర్ ఎలాగూ వచ్చేస్తాయి కాబట్టి వాటిని తీసేసి, కొత్త బాక్స్‌కి ఎంతవుతుందో రాయండి. పక్కన అప్‌గ్రేడ్ ఖర్చు రాయండి, ఎస్ఎంపీఎస్‌తో సహా. అది సగం దాటితే, పైగా కొన్నవాటిలో కొత్త బాక్స్‌లోకి ఏమీ రాకపోతే, ఆ డబ్బు పాత మెషీన్‌లో పోయకండి. కార్డు, ఎస్ఎంపీఎస్ మాత్రమే కొంటుంటే సగం దాటినా భయం లేదు, రేపు రెండూ కొత్తదాంట్లోకి వస్తాయి. అందుకే రెండూ మార్చాల్సిన పరిస్థితిలో కూడా కార్డు ముందు, బోర్డు తర్వాత అనే వరుసే నాకు నచ్చుతుంది. కొన్ని బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో బోర్డు, ఎస్ఎంపీఎస్ కనెక్టర్లు వాళ్ల సొంత రకంగా ఉంటాయి. వాటికి ఈ లెక్క వర్తించదు, క్యాబినెట్ కూడా పనికిరాదు.

బోర్డు మీద కెపాసిటర్ల తల ఉబ్బి ఉంటే లెక్కలతో పని లేదు, దాని మీద కొత్త కార్డు పెట్టకండి. క్యాబినెట్ ముట్టుకుంటే చిన్నగా షాక్ కొడుతోందా? మన ఇళ్లలో చాలా చోట్ల ఆ సాకెట్‌కి ఎర్తింగ్ సరిగా ఉండదు. కొత్త పార్టుకి ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

చివరగా, అమెరికా నుంచి వచ్చే అన్నయ్యతో గ్రాఫిక్స్ కార్డు తెప్పించుకునేవాళ్లకు ఒక మాట. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. మిగిలే మొత్తం చూసి, మూడేళ్ల వారంటీ పోగొట్టుకోవడం మీకు గిట్టుబాటేనా లెక్క వేసుకోండి. ఇక్కడే కొంటే బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి.

ఇప్పుడు మీ కాన్ఫిగరేషన్లు చెప్పండి. ముందు బోర్డు పేరు, తర్వాత మిగతావి.