టేబుల్ చేద్దామా?

శ్రోతలకు నమస్కారం. ఈవేళ ఒకే ఒక్క ఇంగ్లీషు మాట గురించి చెప్పుకుందాం. టేబుల్. భోజనాల బల్లా టేబులే, పిల్లలు వల్లించే ఎక్కాలూ టేబుల్సే. వాటితో పేచీ లేదు. ఎవరైనా 'టేబుల్ చేద్దాం' అన్నప్పుడే పేచీ.

1941 డిసెంబరు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగి మూడు వారాలు కూడా కాలేదు. బ్రిటన్ ప్రధాని చర్చిల్ తన సైనికాధికారులను వెంటబెట్టుకుని వాషింగ్టన్ వెళ్లాడు. అమెరికాతో కలిసి యుద్ధం ఎలా నడపాలో తేల్చుకోవాలి. బ్రిటిష్ అధికారులు ఒక అర్జంటు కాగితం తయారుచేసి, దాన్ని టేబుల్ చేస్తామన్నారు. అంటే, ఇప్పుడే చర్చకు పెడతామని. అమెరికా అధికారులు ససేమిరా అన్నారు. వాళ్ల వాడుకలో టేబుల్ చేయడమంటే సొరుగులో పడేసి మరిచిపోవడం! అంత ముఖ్యమైన కాగితాన్ని మూలన పడేస్తారా అని అమెరికావాళ్ల బాధ, ముఖ్యం కాబట్టే కదా టేబుల్ చేస్తామంటున్నాం అని బ్రిటిష్‌వాళ్ల బాధ అయి ఉంటుంది. వాదన చాలాసేపు సాగింది, కాస్త ఘాటుగానే సాగింది. చివరికి తేలిందేమిటంటే, ఇద్దరూ కోరేది ఒకటే. ఈ సంగతి తర్వాత చర్చిలే తన యుద్ధ జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఇద్దరిదీ ఇంగ్లీషే, చూడండి.

మనది బ్రిటిష్ వాడుక. మన పార్లమెంటులో మంత్రి ఒక నివేదికను సభ టేబుల్ మీద ఉంచారంటే, దాన్ని సభకు సమర్పించినట్టు. అమెరికా ప్రతినిధుల సభలో బిల్లును టేబుల్ చేశారంటే, ఇక దాని కథ దాదాపు ముగిసినట్టే.

ఇంకో చిక్కుంది. అదే అమెరికావాళ్లు 'ఆన్ ది టేబుల్' అంటే మాత్రం ఆ విషయం ఇంకా పరిశీలనలో ఉన్నట్టు. టేబుల్ మీద ఉంటే బతికున్నట్టు, టేబుల్ చేస్తే పక్కకు పోయినట్టు. నన్నడిగితే ఇది ఆ భాష చేసే అల్లరి, అర్థంకాకపోతే మన తప్పేమీ లేదు.

హైదరాబాదులో కూర్చుని రాత్రిపూట అమెరికా ఆఫీసుతో కాల్స్ మాట్లాడేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వాళ్లకు నా సలహా ఒకటే. అవతలివాళ్లు 'లెట్స్ టేబుల్ ఇట్' అంటే మొహమాటపడకుండా 'నౌ ఆర్ లేటర్?' అని అడిగేయండి. మీరు మాత్రం ఆ మాట వాడకండి. ఇప్పుడే మాట్లాడాలంటే 'లెట్స్ డిస్కస్ ఇట్ నౌ' అనండి, వాయిదా వేయాలంటే 'పోస్ట్‌పోన్' అనండి. పోస్ట్‌పోన్‌కు రెండు దేశాల్లోనూ ఒకటే అర్థం.