వెళ్ళిపోయింది ఎవరు? ఇండీ పాటల అర్థంపై స్టూడియో చర్చ

(ఒకరి మీద ఒకరు మాట్లాడిన చోట వినబడినంత వరకే రాశాం.)

సంచాలకురాలు: నమస్కారం. సొంతంగా రాసుకుని, పాడుకుని, విడుదల చేసుకునే ఓ ఇండీ కుర్రాడి పాట మీద వారం రోజులుగా గొడవ నడుస్తోంది. "తలుపు తెరిచే ఉంది, చెప్పకుండా వెళ్ళిపోయింది" అన్నది పల్లవి. అమ్మాయి వదిలేసి వెళ్ళిన పాట అనుకుని ఎంతమందో గుండెకు హత్తుకున్నారు. ఇప్పుడాయన అమ్మాయి కాదు, మా నాన్న ఆఖరి ఊపిరి అన్నారు. ముగ్గురికీ సమానంగా అవకాశం ఇస్తాను. నా ప్రశ్న సూటిగా అడుగుతున్నా: ఆయన నోరు విప్పకుండా ఉండాల్సిందా?

విమర్శకుడు: విప్పొచ్చండి. కానీ ఆయన మాట ఆఖరి మాట కాదు. 'వెళ్ళిపోయాడు' అంటే మగవాడని తేలిపోతుంది. 'వెళ్ళిపోయింది' అంటే అమ్మాయి కావచ్చు, పిల్లి కావచ్చు, రైలు కావచ్చు, ఊపిరి కావచ్చు. మన భాషే ఆ తలుపు తెరిచి పెట్టింది, శ్రోత లోపలికొచ్చాడు. ఇప్పుడొచ్చి తలుపేస్తానంటే...

గాయని: ఒక్క నిమిషం, ఆయన తలుపేయలేదు కదండీ...

విమర్శకుడు: నన్ను పూర్తి చేయనివ్వండి. రచయిత ఉద్దేశం కొలబద్ద కాదని అమెరికన్ విమర్శకులు విమ్సాట్, బియర్డ్‌స్లీ 1946లోనే రాశారు. 1967లో ఫ్రెంచ్ విమర్శకుడు రోలాండ్ బార్త్ ఏకంగా రచయిత చనిపోయాడన్నాడు. ఇది కొత్త సంగతేం కాదు.

గాయని: ఇక్కడ నిజంగానే ఒక మనిషి చనిపోయాడండీ. నేనూ పాటలు రాస్తాను. దాన్ని 'ఉద్దేశం' అని పక్కన పెట్టేస్తే నాకు కష్టంగా ఉంది.

సంచాలకురాలు: అయితే చెప్పకుండా ఉండాల్సిందంటారా?

గాయని: నేనలా అనలేదు.

రికార్డింగ్ ఇంజనీరు: రాసేటప్పటికే అర్థం చేతిలో ఉంటుందని మీరంతా అనుకుంటున్నారు. చాలా పాటలకి ట్యూనే ముందు పుడుతుంది. నోటికొచ్చిన డమ్మీ మాటలతో పాడేస్తారు. అమెరికన్ బ్యాండ్ బాన్ ఐవర్ తొలి ఆల్బమ్‌కి దాని గాయకుడు జస్టిన్ వెర్నన్ చేసిందీ అదే. ముందు మాటల్లేని గొంతు, ఆ శబ్దాలకి సరిపడే మాటలు తర్వాత.

విమర్శకుడు: చూశారా, నా మాటే!

ఇంజనీరు: కాదు సార్, నేననేది వేరే. శబ్దం ముందొస్తే అర్థం లేనట్టు కాదు. ఈ పాటలో 'చెప్పకుండా' తర్వాత అతను ఊపిరి తీసుకోవడం వినబడుతుంది. మామూలుగా మిక్సింగ్‌లో దాన్ని తగ్గించేస్తాం. ఇక్కడ అలాగే ఉంచారు, పైగా ఆ చోట గిటార్ కూడా ఆగిపోతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

సంచాలకురాలు: అంత స్పష్టంగా ఉంటే మళ్ళీ నోటితో చెప్పడం ఎందుకు?

విమర్శకుడు: అక్కర్లేదు! అది పాటలో ఉంది. ఇంటర్వ్యూలో ఉన్నది లెక్కలోకి రాదు.

గాయని: ఇందాక ఆఖరి మాట కాదన్నారు, ఇప్పుడు లెక్కలోకే రాదంటున్నారు.

విమర్శకుడు: రెండూ ఒకటేనండి.

గాయని: ఒకటి కాదు. అమెరికన్ రాక్ బ్యాండ్ ఆర్.ఇ.ఎం. 1991 పాట 'లూజింగ్ మై రిలిజియన్' ఉంది. మతం గురించే అనుకున్నారు చాలామంది. అమెరికా దక్షిణాదిలో అది సహనం నశించిందనడానికి వాడే నుడికారం. బదులు రాని ప్రేమ గురించిన పాట అని ఆ బ్యాండ్ గాయకుడు మైకేల్ స్టైప్ చెప్పారు. ఆ నుడికారం తెలియని వాళ్ళకి ఆయన చెప్పకపోతే...

విమర్శకుడు: తెలిశాక మతం అనుకుని వినడం మానేశారా జనం? మానలేదు!

ఇంజనీరు: అసలు మాటే తప్పుగా వినడం ఇంకో గొడవ. దానికి 'మాండెగ్రీన్' అని పేరుంది. 1954లో సిల్వియా రైట్ పెట్టారు. గొంతుని మిక్స్‌లో లోపలికి తోసేస్తే...

సంచాలకురాలు: బావుంది, చిన్నప్పుడు నేనూ ఎన్ని పాటలు తప్పుగా పాడానో. (నవ్వులు)

విమర్శకుడు: అసలు విషయానికి రండి. ఐస్‌లాండ్ బ్యాండ్ సిగుర్ రోస్ 2002లో పేరే లేని ఆల్బమ్ తెచ్చారు. పేరు చోట కుండలీకరణాలు మాత్రమే. పాడింది అర్థం లేని శబ్దాలు. లోపలి పుస్తకంలో పేజీలు ఖాళీగా వదిలేశారు, వినేవాళ్ళే రాసుకోమని. అదీ శ్రోతకిచ్చే గౌరవం!

గాయని: ఆ పేజీలు ఖాళీగా వదలాలన్నది కూడా వాళ్ళ ఉద్దేశమే కదా? మీరు దాన్నెలా...

విమర్శకుడు: ఖాళీ అంటే ఖాళీయే! పాట బయటికొచ్చాక వినేవాడిది. ఇందాకట్నుంచీ అదే చెబుతున్నాను.

గాయని: ఖాళీ పేజీ వేరు, నాన్న వేరు. ఇది ఆయన...

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.)

సంచాలకురాలు: సమయం అయిపోతోంది. మొత్తమ్మీద రచయిత మౌనంగా ఉంటేనే మేలన్న మాట బలంగా వినిపించింది...

ఇంజనీరు: ఆ మాట నేనైతే అనలేదు మేడమ్.

గాయని: నేనూ అనలేదు.

సంచాలకురాలు: విమర్శకులు, ముప్పై సెకన్లలో ముగించండి.

విమర్శకుడు: 'వెళ్ళిపోయింది' అన్న ఆ ఒక్క క్రియ చూడండి. వెళ్ళిపోయాడు అని ఉంటే...