ఏఎక్స్ 3000 రౌటర్ రివ్యూ: పెట్టె మీద అంకెలకు అర్థమేంటి?

నమస్తే అండీ. ఈరోజు ఏఎక్స్ 3000 రకం వైఫై రౌటర్‌ని, దాని పెట్టె మీది మాటల్నే పట్టుకుని పరీక్షిద్దాం.

ముందు ఆ 3000 సంగతి. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో (అంటే రేడియో తరంగాల శ్రేణిలో) గరిష్ఠ స్పీడ్ 2402 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు), 2.4 గిగాహెర్ట్జ్‌లో 574. రెండూ కూడితే 2976, దాన్నే 3000 అని వేస్తారు. కానీ మీ ఫోన్ మామూలుగా ఒకసారికి ఒక్క బ్యాండ్‌నే పట్టుకుంటుంది. ఆ 2402 రావాలన్నా ఛానెల్ (బ్యాండ్‌లో డేటా వెళ్లే దారి) వెడల్పు 160 మెగాహెర్ట్జ్ ఉండాలి, దాన్ని మీ ఫోన్ కూడా సపోర్ట్ చేయాలి. 80 దగ్గరే ఆగిపోయే ఫోన్లు బోలెడు. వాటిలో లింక్ స్పీడ్, అంటే ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య స్పీడ్, 1201 దాటదు. ఏఎక్స్ 1800 రౌటర్ ఇచ్చేదీ ఆ 1201నే! అందుకే ఇంట్లో 160 పట్టే పరికరం ఒక్కటీ లేకపోతే, స్పీడ్ కోసమని 3000కి వెళ్లొద్దు.

160 ఆన్ చేయగానే 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ పేరు మాయమైందా? కంగారు పడకండి. అంత వెడల్పుకి రాడార్లు వాడే ఛానెళ్లు కూడా కావాలి. అక్కడ రాడార్ ఉందేమోనని రౌటర్ కనీసం 60 సెకన్లు వింటుంది, ఆ తర్వాతే సిగ్నల్ వదులుతుంది. మధ్యలో రాడార్ తగిలితే ఆ ఛానెల్ ఖాళీ చేయాల్సిందే, మీ వీడియో కాల్ తెగొచ్చు. మాటిమాటికీ ఇలా అవుతుంటే వెడల్పు 80కి తగ్గించి, ఛానెల్ 36 పెట్టండి.

ఇప్పుడు డీబీఎం, అంటే ఫోన్‌కి అందే సిగ్నల్ బలం కొలత. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ తెరవండి, మైనస్ అంకె కనిపిస్తుంది. మైనస్ 50 చాలా బాగున్నట్టు. మైనస్ 67 వరకూ వీడియో కాల్ నడుస్తుంది, మైనస్ 80కి వస్తే తడబాటే. 10 తగ్గిందంటే అందే పవర్ పదో వంతుకి పడిందన్నమాట. ఫోన్ అంచుల్ని చేత్తో గట్టిగా మూసి చూడండి, అంకె కిందికి జారడం మీకే తెలుస్తుంది.

పెట్టె మీద యాంటెన్నా అన్న మాట పక్కన ఉండే డీబీఐని (యాంటెన్నా గెయిన్ కొలతని) చాలామంది పవర్ అనుకుంటారు. కాదండీ, యాంటెన్నా పవర్‌ని పుట్టించదు, ఉన్నదాన్నే కొన్ని దిక్కులకి ఎక్కువగా మళ్లిస్తుంది. నిలువుగా నిలబెట్టిన పుల్లలాంటి యాంటెన్నా చుట్టూ సిగ్నల్ గారె ఆకారంలో పరుచుకుంటుంది. పుల్ల కొన ఎటు చూస్తుందో అటు సిగ్నల్ బాగా పలచన. కాబట్టి పై అంతస్తులో అందకపోతే, ఒక యాంటెన్నాని అడ్డంగా వంచి మళ్లీ ఆ డీబీఎం అంకె చూడండి.