ఆ వెడల్పు నాబ్ గురించి

అందరికీ నమస్కారం. పిలిచినందుకు థ్యాంక్స్, పేరు పేరునా చెప్తూ కూర్చుంటే నాకిచ్చిన టైమ్ అందులోనే అయిపోతుంది, పెద్దలు ఏమీ అనుకోకండి. కుట్టుమిషన్ క్లీనింగ్, ఆయిలింగ్ గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను, కానీ ముందు జిగ్‌జాగ్ గురించి, అంటే సూది పక్కలకి ఊగుతూ వేసే వంకర కుట్టు గురించి చెప్పకపోతే నాకు మనసొప్పదు.

ఇంట్లో జిగ్‌జాగ్ ఉన్న మిషన్ ఎంతమందికి ఉంది, చేతులెత్తండి. బాగానే ఉన్నారు. ఈ నెలలో ఆ వెడల్పు నాబ్‌ని, అదే సూది పక్కకి ఎంత ఊగాలో పెట్టేదాన్ని, సున్నా మీద నుంచి కదిపినవాళ్లు మాత్రమే ఎత్తి ఉంచండి... చూశారా, దాదాపు అన్నీ దిగిపోయాయి.

నేను కూడా పదకొండేళ్లు దాన్ని ముట్టుకోలేదండీ. నేర్చుకునే రోజుల్లో ఒకసారి నాబ్ నాలుగు మీద పెట్టి పెడల్ నొక్కాను, ఠప్‌మని సూది విరిగి ముక్క ఎగిరొచ్చి చెంపకి తగిలింది, కంటికి రెండు వేళ్ల దూరంలో. నేర్పే ఆవిడ పరిగెత్తుకొచ్చి "దాని జోలికి పోవద్దన్నానా" అంది. అంతే, ఎందుకు విరిగిందో చెప్పలేదు. అప్పుడు మిషన్‌కి ఉన్నది నేరుకుట్టు ఫుట్, ఫుట్ అంటే సూది దగ్గర గుడ్డని అదిమిపట్టే ముక్క, దానికి మధ్యలో చిన్న గుండ్రటి కంత ఉంటుంది, సూది పక్కకి ఊగేసరికి ఇనుముకి కొట్టుకుంది. జిగ్‌జాగ్ ఫుట్‌కైతే కంత అడ్డంగా పొడుగ్గా ఉంటుంది, కింద సూది దిగే ప్లేటుకి కూడా అలాగే ఉండాలి. ఇంతే విషయం! ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పక పదకొండేళ్లు భయపడ్డాను, ఆ భయంతో మా పాపకి కుట్టిన గౌన్లన్నీ రెండు ఉతుకులకే లోపల పోగులు ఊడి కుట్టు దగ్గరే విచ్చుకుపోయేవి. నా కుట్టు బాగాలేదనుకునేదాన్ని. కుట్టు బాగానే ఉంది, అంచే కట్టలేదు.

ముందు వరసలో నేర్పేవాళ్లున్నారు, మిమ్మల్నే అడుగుతున్నా, దయచేసి "ముట్టుకోవద్దు" అనకండి, ఫుట్ మార్చడం చూపించండి. మార్చాక పెడల్ నొక్కే ముందు చేతి చక్రం మీవైపు తిప్పుతూ సూది ఎడమకొకసారి, కుడికొకసారి దిగనివ్వండి, రెండు వైపులా ఎక్కడా తగలకపోతే భయం లేదు. సూది గుడ్డలో ఉండగా వెడల్పు మార్చకూడదు, వంగిపోతుంది.

సరే, పోగులు ఊడకుండా జిగ్‌జాగ్‌తో అంచు కట్టడం. వెడల్పు నాలుగు, అయిదు మధ్య, కుట్టు పొడవు రెండు, రెండున్నర. గుడ్డ అంచు కుడివైపు పెట్టుకుని, సూది కుడికి ఊగినప్పుడు అంచు దాటీ దాటనట్టు బయట దిగాలి. మరీ బయటికి పోతే అంచు చుట్టుకుపోతుంది, మరీ లోపల పడితే పోగులు ఊడుతూనే ఉంటాయి. పల్చటి గుడ్డ మధ్యలో వెడల్పు కుట్టు వేస్తే సొరంగంలా పైకి లేస్తుంది, అప్పుడు పై దారం టెన్షన్, అంటే బిగువు, కొంచెం తగ్గించి కింద పల్చటి కాగితం పెట్టి కుట్టండి, తర్వాత చింపేయొచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం టీషర్టులాంటి సాగే గుడ్డ. దానికి నేరుకుట్టు వేస్తే మెడ దగ్గర లాగగానే దారం పుటుక్కున తెగుతుంది, ఎందుకంటే గుడ్డ సాగుతుంది, దారం సాగదు. జిగ్‌జాగ్‌లో దారం వంకరగా పడుతుంది కాబట్టి లాగినప్పుడు ఆ వంకర నిటారవుతుంది, తెగదు. వెడల్పు అర నుంచి ఒకటి చాలు, బయటికి నేరుకుట్టులాగే కనిపిస్తుంది. సూది మాత్రం మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ పెట్టాలి.

పొడవు అర మిల్లీమీటరు కన్నా తగ్గిస్తే దారాలు ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా పడి శాటిన్ కుట్టు అవుతుంది, కాజా కూడా అదే, రెండు వరసల శాటిన్, చివర్లలో అడ్డకట్లు. గుడ్డని లాగే పళ్లు కిందకి దించి, పొడవు సున్నా చేసి, గుండీ కంతల దూరానికి వెడల్పు సరిచేసుకుంటే గుండీలు కూడా కుట్టొచ్చు, ముందు చక్రంతో చూసుకుని.

అమెరికాలో హెలెన్ బ్లాంచర్డ్ అనే ఆవిడ జిగ్‌జాగ్ మిషన్‌కి పేటెంట్ తీసుకున్నది 1873లో. అంత పాత సంగతిని మన ఇళ్లల్లో ఇంకా సున్నా దగ్గరే పెట్టి ఉంచితే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు, ఆయిలింగ్ గురించి విడిగా అడగండి, ఎంతసేపైనా చెప్తాను. పక్క టేబుల్ మీద మిషన్ పెట్టాను, రెండు ఫుట్లూ దాని పక్కనే ఉన్నాయి, చేత్తో పట్టుకుని ఆ కంతల తేడా చూడండి. ఆ చివర కూర్చున్న అమ్మా, ముందు మీరు రండి.