ఇఫ్ తర్వాత వాజ్ పెట్టాలా, వర్ పెట్టాలా? లెస్టర్ బస్సులో గ్రామర్ పంచాయితీ

అందరూ బాగుండారా? ఈరోజు ఇంగ్లండులో నేనుండే లెస్టర్ ఊరి మార్కెట్టు చూపిస్తానని చెప్పినా కదా, దానికే బయల్దేరినాం. బస్సొచ్చేలోపు మన కడప చెల్లెలి డౌటొకటి తేల్చేద్దాం. ఐఇఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకు చదువుతోంది. "అన్నా, కోచింగ్‌లో సారు 'ఇఫ్ ఐ వర్' అంటాడు, రీల్సులో తెల్లోళ్ళేమో 'ఇఫ్ ఐ వాజ్' అంటారు. ఏది రాయాల?" అని వాయిస్ మెసేజ్ పెట్టింది.

వర్ రాయమ్మా. ఉన్నది కాదు, లేనిదాన్ని ఊహించి చెప్పేటప్పుడు ఐ, హీ, షీ, ఇట్ దేనికైనా వర్ పెడితే ఏ ఎగ్జామినరూ కొట్టెయ్యడు. ఇక్కడ మాటల్లో వాజ్ వినపడేది నిజమే, దాన్నెవరూ తప్పుపట్టరు కూడా. "ఇఫ్ ఐ వర్ యూ" మాత్రం మాటల్లో కూడా గట్టిగా నిలబడింది. ఒకప్పుడు ఇంగ్లీషులో ఊహకు వేరే క్రియారూపాలే ఉండేవి. అవి అరిగిపోయి, వి2కు (గో వి1, వెంట్ వి2, గాన్ వి3 అని బళ్ళో చెప్తారే, అదే) భిన్నంగా కనపడేది ఈ వర్ ఒక్కటే మిగిలింది. మిగతా క్రియలకు మామూలు వి2 వేస్తే పనైపోతుంది. అందుకే వాజా వరా అనేది చిన్న గొడవ. మార్కులు పొయ్యేది ఇంకోచోట.

మన అనంతపురం మాటే తీసుకుందాం. "బోరుంటే చీనీ తోట పెడతాం." "బోరుంటే చీనీ తోట పెట్టేవాళ్ళం." మొదటిదాంట్లో బోరు పడే అవకాశముంది. రెండోదాంట్లో బోరూ లేదు, తోటా లేదు. కానీ చూడు, రెండింట్లోనూ "బోరుంటే" ఒకటే. మనం సంగతంతా చివరి క్రియలో తేలుస్తాం. ఇంగ్లీషోళ్ళు రెండు ముక్కల్లోనూ మార్చాల. మొదటిది "ఇఫ్ వి హావ్ ఎ బోర్‌వెల్, వి విల్ గ్రో". రెండోది "ఇఫ్ వి హ్యాడ్ ఎ బోర్‌వెల్, వి వుడ్ గ్రో". మనోళ్ళు చివర వుడ్ పెట్టడం మరిచిపోరు, ఎందుకంటే తెలుగులో కూడా చివరే మారింది. ముందు ముక్క అట్లే వదిలేసి "ఇఫ్ వి హావ్, వి వుడ్" అని రాస్తారు. అక్కడ పడుతుంది ఎర్ర గీత.

కాబట్టి వాక్యం తెలుగులో అనుకుని, చివరి నుంచి వెనక్కి రా. "పెడతాం" అని వస్తే వుడ్ వద్దు, ఇఫ్ పక్కన వి1 పెట్టు. "పెట్టేవాళ్ళం" అని వస్తే ఇఫ్ పక్కన వి2, అవతల వుడ్. మరి జరిగిపోయినదానికి? దానికి మన సీమ మాటలో అచ్చు పోసిన రూపముంది. "జూన్‌లో వానొచ్చింటే శెనక్కాయ పండిండేది." "వచ్చింటే" అన్నావంటే హ్యాడ్ ప్లస్ వి3, "పండిండేది" అంటే వుడ్ హావ్ ప్లస్ వి3. "ఇఫ్ ఇట్ హ్యాడ్ రెయిన్డ్ ఇన్ జూన్, ది క్రాప్ వుడ్ హావ్ సర్వైవ్డ్." అంతే. ఒక్క చిక్కు ఉంది. "పోయినేడు బోరుంటే పెట్టేవాళ్ళం" అన్నా మనకు సరిపోతుంది, ఇంగ్లీషులో అది వి2తో కుదరదు. పోయినేడు, నిన్న, అప్పుడు లాంటి మాట కనపడితే హ్యాడ్ ప్లస్ వి3కే పోవాల.

రెండు కాలాలు ఒకే వాక్యంలో కలవొచ్చు కూడా. "బళ్ళో గ్రామర్ చదివింటే ఇప్పుడు ఈ తిప్పలుండేవి కాదు." ముందు ముక్క పాతది, హ్యాడ్ ప్లస్ వి3. వెనక ముక్క ఇప్పటిది, ఉత్త వుడ్.

బస్సొచ్చింది, ఎక్కుదాం. టికెట్టు మూడు పౌండ్లు. పౌండు సుమారు నూట ఇరవై లెక్కన మూడొందల అరవై రూపాయలు! ఇంగ్లండులో 2025 జనవరి నుంచి చాలా బస్సుల్లో ఒకవైపు టికెట్టు మూడు పౌండ్లు దాటకూడదని పెట్టినారు. అంతకు ముందు రెండే. ఆ డబ్బుతో అనంతపురం నుంచి తాడిపత్రి పోయి రావచ్చు, బజ్జీలు కూడా తినొచ్చు. ఆడోళ్ళకైతే 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో టికెట్టే లేదు.

సరే, ఈ దేశంలో నాకు బాగా నచ్చిన సంగతి చెప్తా. ఇంగ్లీషులో "అండి" లేదు. "గారు" లేదు. చిన్నోడైనా పెద్దాయనైనా యూ ఒకటే. మరి మర్యాద ఎట్లా? క్రియను వెనక్కి జరుపుతారు. ఏ ఆఫీసు రిసెప్షన్‌కు పోయినా "ఇఫ్ యూడ్ లైక్ టు టేక్ ఎ సీట్" అంటారు. కొత్తగా వచ్చినోళ్ళు "నాకిష్టమైతే ఏమవుతుంది?" అని మిగతా సగం కోసం నిలబడే ఉంటారు. మిగతా సగం రాదు. కూర్చోండి అని అర్థం. "ఇఫ్ యు కుడ్ జస్ట్ సైన్ హియర్" అన్నా అంతే, సంతకం పెట్టమని. ఇఫ్ పక్కన వుడ్ రాకూడదని బళ్ళో నేర్చుకున్నది ఇక్కడ పనిచెయ్యదు, ఇది షరతు కాదు కాబట్టి.

వి2 అంటే ఎప్పుడూ జరిగిపోయిన కాలమే అనుకోవద్దు. నిజానికి ఒక అడుగు దూరంగా నిలబడి మాట్లాడ్డం కూడా అదే. మార్కెట్టులో బేరానికి ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది. మామిడి పెట్టె పన్నెండు పౌండ్లు చెప్పినాడనుకో, అంటే పద్నాలుగొందల నలభై. "ఇఫ్ ఐ టేక్ టూ, విల్ యు గివ్ మి ఎ డిస్కౌంట్?" అంటే కొనేటట్టే ఉండావని వానికి తెలిసిపోతుంది. "ఇఫ్ ఐ టుక్ టూ, వుడ్ యు డూ దెమ్ ఫర్ ట్వంటీ?" అంటే కొంటానో లేదో చెప్పకుండానే ధర రాబట్టొచ్చు. మామిడి అంటే గుర్తొచ్చింది, ఇక్కడ ఎవరిని అడిగినా ఆల్ఫాన్సో అంటారు. మా పక్క బనగానపల్లె పేరున్న పండు ఒకటుందనీ, దానికి 2017లో జీఐ, అంటే ఫలానా ప్రాంతం సరుకని ఇచ్చే గుర్తింపు కూడా వచ్చిందనీ నేనే అందరికీ చెప్పుకుంటా తిరగాల.

ఇంకో తలనొప్పి ఆ అపాస్ట్రఫీ డి. "ఐడ్" అంటే ఐ హ్యాడా, ఐ వుడ్డా? పక్క మాట చూడు. వి1 ఉంటే వుడ్, వి3 ఉంటే హ్యాడ్. "ఐడ్ గో", "ఐడ్ గాన్". బెటర్ వస్తే హ్యాడే. కమ్, పుట్, కట్ లాంటి వాటికి వి1, వి3 ఒకటే కాబట్టి అవి మోసం చేస్తాయి. అక్కడ ఇఫ్ వైపుంటే హ్యాడ్, అవతల వైపుంటే వుడ్ అనుకో. వుడ్ హావ్‌ను వీళ్ళు నలిపి పలికితే "వుడ్ ఆఫ్" లాగా వినపడుతుంది. అట్లే రాసేవాళ్ళు ఇక్కడ పుట్టినోళ్ళల్లో కూడా ఉండారు, చూసి నేర్చుకోవద్దు. "ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్" అని అమెరికా వాళ్ళ నోట వింటావు. పరీక్షలో అది తప్పే, "ఇఫ్ ఐ హ్యాడ్ నోన్" రాయి.

వర్ నేర్చుకున్నాక దాన్ని ప్రతి ఇఫ్ పక్కనా అంటించేవాళ్ళు ఇంకో రకం. "హీ ఆస్క్డ్ ఇఫ్ ఐ వాజ్ మ్యారీడ్." ఇక్కడ ఊహ ఏముంది? పెళ్ళైందా లేదా అని అడిగినాడు, వాజే కరెక్టు. "నిన్న వాడు దురుసుగా మాట్లాడింటే క్షమించండి" అన్నప్పుడు కూడా అది జరిగి ఉండొచ్చు కదా, "ఇఫ్ హీ వాజ్ రూడ్".

విష్‌కు కూడా ఇదే లెక్క. ఇప్పుడు లేనిదానికి వి2, జరిగిపోయినదానికి హ్యాడ్ ప్లస్ వి3. "ఐ విష్ ఐ వర్ ఇన్ అనంతపూర్." ఆదివారం సాయంత్రం నాలుగుకే చీకటి పడే ఊళ్ళో ఈ వాక్యానికి వేరే ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. ఎదుటివాళ్ళ పద్ధతి మారాలంటే "ఐ విష్ యు వుడ్" అంటారు. నీ గురించి నువ్వు "ఐ విష్ ఐ వుడ్" అనరు. జరిగే అవకాశముంటే విష్ వద్దు, "ఐ హోప్" అను.

చెల్లెమ్మా, నీ స్పీకింగ్ పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. ఈ సరుకంతా ఎక్కువగా మూడో పార్టులో, అంటే ఎగ్జామినర్‌తో చర్చ నడిచేచోట అక్కరకొస్తుంది. ప్రశ్న ఎట్లొచ్చిందో విను. "వాట్ విల్ హాపెన్ ఇఫ్" అంటే విల్‌తో చెప్పు. "వాట్ వుడ్ హాపెన్ ఇఫ్" అంటే వుడ్‌తో మొదలుపెట్టి, ఆ ఊహ నడిచినంతసేపూ వుడ్, కుడ్, మైట్‌లతోనే నడుపు. ఇఫ్ ఒక్కసారి చెప్తే చాలు, ప్రతి వాక్యంలో అక్కర్లేదు. మూడో వాక్యానికి అలవాటుగా విల్ నోట్లోకొస్తుంది, అక్కడే చూసుకో. మధ్యలో నిజంగా ఉన్న సంగతి చెప్పాల్సి వస్తే, "మా ఊళ్ళో నీళ్ళు వారానికోసారి వస్తాయి" లాంటిది, దాన్ని మామూలు ప్రెజెంట్‌లో చెప్పేసి మళ్ళీ వుడ్‌లోకి రా. రైటింగ్‌లో ఇఫ్ ముక్క ముందుంటే కామా పెట్టు, వెనకుంటే వద్దు. ఇఫ్ తీసేసి "హ్యాడ్ ఐ నోన్" అని కూడా రాయొచ్చు, కానీ నాట్ వస్తే "హ్యాడ్ ఐ నాట్ నోన్" అనే విడిగా రాయాల, "హ్యాడ్‌న్ట్ ఐ" అని కలిపినావంటే ప్రశ్న అయిపోతుంది.