రాసే పని దొరకాలంటే పోర్ట్‌ఫోలియో ఎలా ఉండాలి?

[తెర మీద: కవితలు, కథలు, రివ్యూలు, వ్యాసాలు కలగలిసిన ఫోల్డర్. కర్సర్ కిందికి జారుతూనే ఉంటుంది.]

వాయిస్: పోర్ట్‌ఫోలియో అంటే, పని ఇచ్చేవాళ్లకు చూపించడానికి ఎంచి పెట్టుకున్న మీ రచనలు. కానీ ఇప్పటిదాకా రాసినవన్నీ ఒకే లింకులో పెట్టి పంపేస్తుంటారు చాలామంది. అవతల దాన్ని తెరిచేవాళ్లకు అంత తీరిక ఉండదు. వాళ్లు చూసేది ఒక్కటే: నాకు కావలసిన పని వీళ్లు చేయగలరా? మొదటి రెండు శాంపిళ్లలో ఆ జవాబు దొరక్కపోతే మూడోది చూడటం అనుమానమే.

అందుకే ముందు ఏ పని కావాలో తేల్చుకోండి. వెబ్‌సైట్ కంటెంటా, వీడియో స్క్రిప్టులా, అనువాదమా, పత్రికా వ్యాసాలా? ఆ రకంలో నాలుగు నుంచి ఆరు శాంపిళ్లు చాలు. రెండు రకాల పనికి ప్రయత్నిస్తుంటే రెండు పేజీలు విడివిడిగా పెట్టుకోండి. అన్నిటికంటే బాగా వచ్చింది మొదట ఉండాలి. బాగున్న కథే అయినా, అనువాదం పని అడిగేచోట దానికి చోటు లేదు.

[తెర మీద: ఇంతవరకు ఎవరూ పని ఇవ్వకపోతే?]

వాయిస్: శాంపిల్ మీరే తయారు చేసుకోవచ్చు. ఒక నీళ్ల సీసా తీసుకోండి. అమ్మకపు పేజీల్లో ఇలాంటి వాక్యం తరచూ కనిపిస్తుంది.

[తెర మీద, ఎడమ వైపు: "అత్యున్నత నాణ్యతా ప్రమాణాలతో రూపొందించబడిన సీసా."]

వాయిస్: ఏ సీసాకైనా అతికే వాక్యం ఇది. సీసాను నీళ్లతో నింపి, మూత బిగించి, బ్యాగులో తలకిందులుగా పెట్టి చూడండి. అప్పుడు రాయండి.

[తెర మీద, కుడి వైపు: "మూత బిగించి బ్యాగులో పడేయండి. తలకిందులైనా పుస్తకాలు తడవవు."]

వాయిస్: రెండూ పక్కపక్కనే పెట్టి, కింద మూడు నాలుగు లైన్ల నోట్ రాయండి. ఎవరు చదువుతారనుకుని రాశారు, ఎన్ని పదాల్లో ముగించాలనుకున్నారు, ఏం మార్చారు, ఎందుకు మార్చారు. చాలామంది వదిలేసేది ఈ నోట్‌నే. మీరు ఎలా ఆలోచిస్తారో అవతలివాళ్లకు తెలిసేది మాత్రం అక్కడే. పైన "సాధన కోసం రాసినది" అని తప్పకుండా వేయండి. ఆ సీసా కంపెనీ మీకు పని ఇచ్చిందన్న భ్రమ కలిగిస్తే, నిజం తెలిసిన రోజున మిగతా శాంపిళ్లనూ నమ్మరు.

అచ్చయిన వాటికీ ఇదే నిజాయితీ కావాలి. ఇద్దరు కలిసి రాస్తే మీ భాగం ఏదో చెప్పండి. మరొకరి పేరుతో వచ్చే రచన మీరు రాసిపెట్టి ఉంటే, ముందు ఒప్పందం చదవండి, చూపించడానికి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. అనుమతి రాకపోతే అది పక్కన పెట్టాల్సిందే. పేరు చెరిపేసినా, విషయాన్ని బట్టి ఎవరిదో పోల్చుకోవచ్చు.

[తెర మీద: గూగుల్ డాక్స్‌లో షేర్ బటన్ నొక్కుతారు.]

వాయిస్: ఇప్పుడు, మంచి శాంపిళ్లు కూడా చదవకుండానే పక్కకు పోయే చోటు. డాక్ కొత్తగా తెరిస్తే మామూలుగా "రిస్ట్రిక్టెడ్" అని ఉంటుంది. ఆ లింకు పంపితే అవతలివాళ్లకు మీ రచన కనిపించదు, అనుమతి అడగమనే పేజీ కనిపిస్తుంది. అడిగి, మీ జవాబు కోసం ఎదురుచూసే ఓపిక ఎవరికుంటుంది? దాన్ని "ఎనీవన్ విత్ ద లింక్" చేయండి, పక్కన "వ్యూయర్" ఉంచండి. "ఎడిటర్" అని పెడితే లింకు ఉన్నవాళ్లెవరైనా మీ వాక్యాలు మార్చేయగలరు. పంపే ముందు అదే లింకును ఇన్‌కాగ్నిటో విండోలో, అంటే మీ అకౌంట్‌లో లాగిన్ కాని ప్రైవేట్ విండోలో, తెరిచి చూసుకోండి.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కుంది. డీటీపీలో, అంటే అచ్చు పేజీలు కంప్యూటర్‌లో కూర్చే పనిలో, వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు. యూనికోడ్ అంటే కంప్యూటర్లు, ఫోన్లు అన్నీ అక్షరాలను ఒకేలా గుర్తించే పద్ధతి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో వర్డ్ ఫైలు తెరిస్తే అర్థంకాని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో టైపు చేసి పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. ఆ పీడీఎఫ్‌ను ఫోన్‌లో కూడా తెరిచి ఒత్తులు, వట్రుసుడులు సరిగ్గా పడ్డాయో లేదో చూడండి.

సైట్లు మూతపడతాయి, పాత లింకులు పనిచేయవు. అచ్చయిన రోజే ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి, వెబ్ పేజీల పాత ప్రతులను దాచే వేబ్యాక్ మెషీన్ అనే సైట్‌లో కూడా సేవ్ చేయండి. ఫైలుకు "ఫైనల్ 2" అని కాకుండా మీ పేరు, రచన రకం కలిపి పేరు పెట్టండి.

[తెర మీద: ఐదు లైన్ల మెయిల్.]

వాయిస్: మెయిల్‌లో పోర్ట్‌ఫోలియో లింకు ఒక్కటే పడేసి ఊరుకోకండి. వాళ్లు అడిగిన పనికి దగ్గరగా ఉన్న రెండు శాంపిళ్ల లింకులు నేరుగా ఇచ్చి, ఒక్కోదాని పక్కన అది ఎందుకు పంపుతున్నారో ఒక్క వాక్యం రాయండి. మొత్తం పేజీ లింకు చివర్లో ఉంటే చాలు. ఆ తర్వాత అసలు పని వచ్చి అచ్చయిన ప్రతిసారీ, సాధన కోసం రాసిన శాంపిల్ ఒకటి తీసేసి దాని చోట కొత్తది పెట్టండి.